మామిడి బొమ్మ పక్కన ఏ అక్షరం?

హిందీ ప్రాంతాలలో తరతరాలుగా వాడుకలో ఉన్న అక్షరమాల పటంలో 'ఆ' అక్షరం పక్కన మామిడిపండు బొమ్మ ఉంటుంది. 'ఆ' అంటే 'ఆమ్'. హిందీ మాట్లాడే ఇంటి పిల్లకు ఈ బొమ్మ గొప్ప మేలు చేస్తుంది. పండును చూడగానే తన నోట వచ్చే మాటలో మొదటి ధ్వని ఏదో, పక్కనున్న గీతలు తెలిపేది కూడా ఆ ధ్వనినే అని ఆమె గ్రహిస్తుంది. అక్షరానికీ ధ్వనికీ ముడి పడేది అక్కడే. బొమ్మ అక్కడ అలంకారానికి లేదు, సాక్ష్యానికి ఉంది.

అదే పటాన్ని పామేడు ప్రాంతపు పిల్ల ముందు పెడితే జరిగేది వేరు. ఆమె పండును చూసి 'మర్క' అంటుంది. బస్తర్ పల్లెలు కొత్త మామిడిని ముట్టుకునే ముందు జరుపుకునే పండుగ పేరు మర్క పండుం. సరిహద్దు దాటి తల్లి వెంట చర్ల సంతకు వెళ్లినపుడు అదే పండును 'మామిడి' అనడం వింటుంది. రెండు మాటలూ మకారంతోనే మొదలవుతాయి. పటం మాత్రం అక్కడ 'ఆ' ఉన్నదంటుంది. ఆ పిల్ల దీని నుంచి గ్రహించేదేమిటి? గోడ మీది గుర్తుకూ తన నోటిలోని మాటకూ ఏ సంబంధమూ లేదని. ఆమె వరకు ఆ గ్రహింపు నిజమే కూడా. ఆ రోజు నుంచి చదువు ఆమెకు కంఠస్థం చేయవలసిన పనిగానే మిగులుతుంది.

పామేడు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, ఉసూరు బ్లాకులో, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న ఊరు. పాత బస్తర్ జిల్లా 1998లో చీలినపుడు ఆ ప్రాంతం దంతేవాడ జిల్లాలోకి, 2007లో దంతేవాడ చీలినపుడు బీజాపూర్ జిల్లాలోకి వెళ్లింది. అడవి దున్నల సంరక్షణకై 1983లో ఏర్పడిన అభయారణ్యం వల్ల ఊరి పేరు అటవీశాఖ దస్త్రాలకు ఎక్కింది. జిల్లా కేంద్రం నుంచి నేరుగా వెళ్లే దారి తెగిపోయిన సుదీర్ఘకాలంలో ఉద్యోగులైనా సరుకులైనా అక్కడికి తెలంగాణ వైపు నుంచి, చర్ల మీదుగానే చేరుకోవలసి వచ్చింది. ఆ ప్రాంతంలో ఇంటి మాట దోర్లి, అంటే గోదావరి గట్టున కోయ అని పిలిచే భాషకు అతి దగ్గరి రూపం. సంత మాట తెలుగు. బడి మాట హిందీ. 2005 తర్వాతి సంఘర్షణ సంవత్సరాలలో బీజాపూర్ జిల్లాలో వందలాది బడులు మూతపడ్డాయి. కొందరు పిల్లలు ఊళ్లకు దూరంగా పోర్టా క్యాబిన్ వసతి పాఠశాలలకు చేరారు. కొందరు తల్లిదండ్రుల వెంట అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వలస వచ్చి, 'గొత్తికోయల పిల్లలు' అన్న పేరుతో తెలుగు బడుల గుమ్మం ముందు నిలబడ్డారు.

ఈ పిల్లలు చదవలేకపోతున్నారన్న సంగతి అందరికీ తెలుసు. వివాదం కారణం గురించే. కార్యాలయాలలో స్థిరపడిపోయిన వివరణ ఒకటుంది. ఇంట్లో అక్షరాస్యత లేదు, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు, పిల్ల బడికి సక్రమంగా రాదు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మూతపడిన బడికి ఎంత శ్రద్ధగల పిల్ల మాత్రం ఎలా వస్తుందన్న ప్రశ్నను ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. కానీ బడికి వచ్చిన పిల్ల, పలక పట్టిన పిల్ల, ఏడాది పొడుగునా అక్షరాలు దిద్దిన పిల్ల కూడా చదవలేకపోవడానికి ఈ వివరణలో సమాధానం లేదు. అక్కడ తప్పు పిల్లదీ కాదు, ఇంటిదీ కాదు. ఆమె చెవిలో లేని ధ్వనులకు, ఆమె నోట లేని మాటలకు అక్షరాలను ముడివేయాలని చూసిన బోధనది.

అక్షరాన్నీ ధ్వనినీ పసిపిల్లలు ఎలా జోడించుకుంటారన్న విషయంపై గత అర్ధశతాబ్దంలో లోకంలో విస్తారమైన పరిశోధన జరిగింది. దాని తొలి ఫలితమే ఆశ్చర్యకరమైనది. 'మర్క' అన్న మాటలో 'మ్' అనే విడి ధ్వని ఉన్నదన్న ఎరుక మనిషికి పుట్టుకతో రాదు. 1979లో పోర్చుగల్‌లో జొజే మొరాయిస్ బృందం చదువురాని వయోజనులను పరీక్షించింది. మాట తొలి హల్లును తీసివేసి మిగిలినది పలకమంటే వారిలో అత్యధికులు పలకలేకపోయారు. పెద్దయిన తర్వాత అక్షరాలు నేర్చుకున్న అటువంటి కుటుంబాలవారే సునాయాసంగా పలికారు. 1986లో చైనాలో ఇదే తేలింది. చిత్రలిపి మాత్రమే తెలిసినవారికి ఆ విభజన సాధ్యం కాలేదు, రోమన్ అక్షరాల పిన్‌యిన్ నేర్చినవారికి సాధ్యమైంది. మాటలో దాగిన వర్ణాన్ని మనిషి చెవికి పట్టి ఇచ్చేది లిపి అన్నమాట. 1983లో ఇంగ్లండులో బ్రాడ్లీ, బ్రయంట్ చేసిన ప్రయోగం మరో మెట్టు ఎక్కించింది. ఒకే ధ్వని ఉన్న మాటలను గుంపు చేసే అభ్యాసం పొందిన పిల్లలు చదువులో ముందుకు వెళ్లారు. ఆ అభ్యాసంతో పాటు ప్లాస్టిక్ అక్షరాలను కూడా చేతికి ఇచ్చినపుడు మరింత ముందుకు వెళ్లారు. ధ్వని ఒక్కటే చాలదు, అక్షరం ఒక్కటే చాలదు. రెండూ ఒకే మాటలో, ఒకే క్షణంలో కలవాలి.

అమెరికాలో జాతీయ పఠన సంఘం 2000లో ఇచ్చిన నివేదిక క్రమబద్ధమైన అక్షర-ధ్వని బోధనకు పట్టం కట్టింది. 2006లో బ్రిటన్‌లో రోజ్ నివేదిక అదే దారి పట్టింది. అప్పటి నుంచి 'ఫోనిక్స్' అన్న మాట ఈ దేశపు శిక్షణ శిబిరాలలోకీ, ఉపాధ్యాయ కరదీపికలలోకీ ప్రవేశించి మంత్రంలా చలామణీ అవుతున్నది. ఈ మంత్రోపాసకులు గమనించని విషయాలు రెండున్నాయి.

మొదటిది, ఆ వివాదం ఇంగ్లీషుది. ఇరవై ఆరు అక్షరాలతో నలభైకి పైగా ధ్వనులను రాయబోయి, చరిత్ర పొడుగునా పోగుపడిన చిక్కులతో తయారైన లిపి అది. 2003లో పదమూడు ఐరోపా భాషల పిల్లలను పోల్చిన ఫిలిప్ సీమూర్ బృందం అధ్యయనంలో మొదటి తరగతి చివర ఫిన్లాండ్ పిల్లలు తెలిసిన మాటలలో 98 శాతం సరిగా చదివితే, ఇంగ్లీషు చదివే స్కాట్లండ్ పిల్లలు 34 శాతమే చదవగలిగారు. ఇంగ్లీషు పరిశోధనను లోకమంతటికీ అన్వయించే అలవాటును డేవిడ్ షేర్ 2008లోనే గట్టిగా విమర్శించాడు. అక్షరం చూస్తే ధ్వని తెలిసే తెలుగులో, కన్నడంలో, చాలావరకు దేవనాగరిలో ఉన్న కష్టం వేరు.

రెండవది మరింత ముఖ్యమైనది. ఆ ప్రయోగాలన్నిటి వెనుకా చెప్పకుండా విడిచిన ఆధారం ఒకటుంది. పిల్ల కూడబలుక్కుని చేరుకునే మాట ఆమెకు ముందే తెలిసి ఉండాలి. మూడు ధ్వనులను మెల్లగా కలుపుకుంటూ పోయిన పిల్ల ముఖం ఒక్కసారి వెలిగేది, చివరకు వచ్చింది ఇంట్లో రోజూ వినే మాటే అని తెలిసినపుడు. ఆ వెలుగే ఆమె గురువు. సరిగా చదివావని మరొకరు చెప్పనక్కరలేదు, చెవి చెబుతుంది. తెలియని భాషలో కూడబలికిన పిల్లకు ఈ తీర్పరి ఉండడు. ఆమె ఉపాధ్యాయుడి ముఖం వైపు చూస్తుంది. మూడేళ్లపాటు అలాగే చూస్తూ ఉంటుంది.

ఇక భారతీయ లిపుల సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన దుగ్గిరాల వసంత 2004లో ప్రచురించిన అధ్యయనం తెలుగును అర్ధ అక్షరాత్మక లిపిగా తీసుకొని, ఆ లిపి చదివే పిల్లలలో ధ్వని జ్ఞానం ఎదుగుదలను పరిశీలించింది. సోనాలి నాగ్ 2007లో కన్నడ పిల్లల గురించి ప్రచురించిన అధ్యయనం మరింత చర్చకు వచ్చింది. నాలుగు వందలకు పైబడిన రూపాలున్న లిపిలో అక్షర పరిచయం ఒకటో తరగతితో ముగియదనీ, నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందనీ, విడి వర్ణాల ఎరుక అందుకు తగ్గట్టే మెల్లగా వస్తుందనీ అది చూపింది. విద్యాశాఖల ప్రణాళికలు మాత్రం ఒకటో తరగతి సగానికి వర్ణమాల 'పూర్తి' చేయిస్తాయి. ఉపాధ్యాయుడి దినచర్యలో పూర్తయినది పిల్ల కంటికి ఇంకా సగమైనా కాదు.

గుణింతాన్ని నేటి బోధనావేత్తలు చిన్నచూపు చూస్తున్నారు. ఇది తొందరపాటు. నిజానికి గుణింతం వంటి విశ్లేషణ సాధనం ఇంగ్లీషు లిపికి లేదు. క, కా, కి, కీ, కు, కూ అని వరుసగా రాసినపుడు మారనిది ఒకటి, మారేది ఒకటి కంటికి కనిపిస్తాయి. మారని రూపం హల్లు. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము రూపంలో మారుతున్నది అచ్చు. మొరాయిస్ పరీక్షించిన నిరక్షరాస్యులకు దొరకని విభజన ఇదే కదా. వీధిబడి పంతులు దీన్ని సిద్ధాంతంగా చెప్పలేదు, ఇసుకలో వేలు పట్టి దిద్దించాడు. అయితే ఆ పంతులే దాన్ని పాటగా మార్చి పాడుచేశాడన్నదీ నిజం. క-గుణింతమంతా ఒక్క ఊపిరిలో పాడగల పిల్లకు మధ్యలోంచి 'కె' ఒక్కటి రాసి చూపితే, మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి గాని చెప్పలేదు. రాగం గుర్తుంది, అక్షరం గుర్తులేదు. అందుకు విరుగుడు గుణింతాన్ని పారవేయడం కాదు. రెండు మూడు హల్లులు, నాలుగు అచ్చులు నేర్పగానే వాటితో పిల్లకు తెలిసిన మాటలు కట్టించడం. కర్ణాటకలోని యాద్గీర్, మహారాష్ట్రలోని వాడా ప్రాంతాలలో 2011 నుంచి 2016 వరకు శైలజా మీనన్ బృందం నడిపిన అధ్యయనం కూడా ఇటే వేలు చూపింది. వర్ణమాల వరుస ముగిసేదాకా మాటను, వాక్యాన్ని, కథను వాయిదా వేసే బోధన పిల్లలను చదువరులను చేయడం లేదన్నది దాని విమర్శ.

'తెలిసిన మాటలు' అన్న షరతు దగ్గరే పామేడు పిల్ల ఆగిపోతుంది. తెలుగు గుణింతంలో ఎత్వమూ ఏత్వమూ, ఒత్వమూ ఓత్వమూ వేరువేరు. మెడ వేరు, మేడ వేరు. కోయ కూడా ద్రావిడ భాషే. అందులోనూ ఎ, ఏ, ఒ, ఓ నాలుగూ వేరువేరు అచ్చులు. హిందీ వర్ణమాలకు ఈ తేడా లేదు, ఎందుకంటే హిందీకి ఆ అవసరం లేదు. దేవనాగరి బారాఖడీలో హ్రస్వమైన 'కె'కూ 'కొ'కూ గది లేదు. అందువల్ల హిందీ అక్షరాలతో తన భాషను రాసుకోబోయిన పిల్ల తన నోటిలోని రెండు అచ్చులను పోగొట్టుకుంటుంది. అక్షరానికీ ధ్వనికీ మధ్య నియమం ఉన్నదని నమ్మించవలసిన తొలి సంవత్సరంలోనే, తన భాష విషయంలో ఆ నియమం తప్పుతుందని నేర్పినట్లవుతుంది.

చిక్కు అంతటితో తీరలేదు. హిందీలో ఉప్పును న, మ, క అన్న మూడు అక్షరాలతో రాసి 'నమక్' అని చదువుతారు. కట్టెను ల, క, డీ అని రాసి 'లక్డీ' అని చదువుతారు. ఏ హల్లులోని అకారం పలకాలో, ఏది మింగేయాలో అక్షరాలు చెప్పవు. హిందీ ఇంటి పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు, మాట ఆమెకు ముందే తెలుసు. పామేడు పిల్ల 'నమక' అని చదువుతుంది. రాసినది రాసినట్టే చదివింది. పటంలో నేర్పిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అయినా తప్పంటారు. పైగా ఇకారం గుర్తును హల్లుకు ముందు రాసి తర్వాత పలకడం దేవనాగరి ప్రత్యేకత. ఈ వ్యత్యాసం పఠనంపై చూపే ప్రభావాన్ని జ్యోత్స్న వైద్, ఆశుమ్ గుప్తా 2002లో పరిశీలించారు. ఇవన్నీ దేవనాగరి దోషాలని అనడం అన్యాయం. ప్రతి లిపీ తన భాష ఎరిగినవారి మీద భారం వేసి కొన్ని సంగతులు దాచుకుంటుంది. భాష ఎరగని ఆరేళ్ల పిల్ల మీద ఆ భారం వేయడమే అన్యాయం.

తెలుగువారు ఇక్కడ సంతోషించడానికి తొందరపడకూడదు. సరిహద్దుకు ఇవతల కోయ పిల్ల పరిస్థితి కొంత మెరుగు, అంతే. తెలుగు వాచకంలో 'ఏరు' అన్న మాట కనిపిస్తే ఆమెకు స్ఫురించేది వాగు కాదు, నీళ్లు. ఆమె భాషలో ఏరంటే నీళ్లే. అర్థం కాస్త జరిగినా ధ్వని నిలిచింది, అక్షరం పని అక్షరం చేసింది. అటువంటి చుట్టరికం చాలా మాటలకు ఉంది. కానీ ఆ వాచకమే ఖ, ఘ, ఛ, ఝ, ఋలతో వారాల తరబడి కుస్తీ పట్టిస్తుంది. ఒత్తు పలకని భాషలో పెరిగిన పిల్లకు 'క'కూ 'ఖ'కూ తేడా గీతలోనే తప్ప చెవిలో లేదు. తెలుగు పల్లెలలోని పిల్లలలో చాలామందికి కూడా లేదన్నది వేరే కథ. సంస్కృత శబ్దాల గౌరవార్థం ఆరేళ్ల పిల్ల మీద విధించిన ఈ పన్నును రెండో తరగతికి వాయిదా వేస్తే పోయేదేమీ లేదు.

దీనికి పరిష్కారం ఎవరికీ తోచలేదనడానికి వీల్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ఎనిమిది గిరిజన భాషలలో, 240 బడులలో మాతృభాష ఆధారిత బహుభాషా విద్యను ప్రారంభించింది. గోండీ, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా భాషలలో, తెలుగు లిపిలో వాచకాలు అచ్చయ్యాయి. ఒడిశా 2006-07లో పది భాషలతో బయలుదేరింది. అక్కడి మల్కన్‌గిరి కోయ పిల్లలకు వాచకం ఒడియా లిపిలో వచ్చింది. ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి 2020 గణతంత్ర దినోత్సవాన గోండీ, హల్బీ తదితర భాషలలో ప్రాథమిక బోధనను ప్రకటించారు. అక్కడి లిపి దేవనాగరి. మూడు నిర్ణయాలూ ప్రశంసనీయమైనవే. మూడింటినీ కలిపి చూసినపుడు కనిపించేదే వింత. ఒకే కోయ భాష, అడవిలో ఒక రోజు నడక దూరంలో మూడు లిపులు. వాటిలో రెండు ఆ భాష అచ్చులను పూర్తిగా రాయలేవు. లిపిని నిర్ణయించినది భాషా లేదు, పిల్ల చెవీ లేదు. రాష్ట్ర సరిహద్దు రాయి నిర్ణయించింది. జనాభా లెక్కల విభాగమైనా ఈ గీతను సరిదిద్దలేదు. 2011 లెక్కలలో కోయ మాట్లాడేవారు నాలుగు లక్షల పైచిలుకు అని వేరుగా కనిపిస్తారు. దోర్లి మాత్రం సుమారు ముప్పై లక్షల గోండీ పద్దులో కలిసిపోతుంది. ఏ చిన్నమ్మ పిల్లలు ఏ పద్దులో ఉన్నారో చర్ల సంతలో ఎవరినడిగినా తేలదు.

ఇందుకు వచ్చే అభ్యంతరాలలో కొన్ని తేలికైనవి, ఒకటి బరువైనది. ఊరికో యాస ఉన్న భాషలో వాచకం ఎలా రాస్తారన్నది తేలికైనది. ఇల్లు ఒకచోట 'లోన్', ఒకచోట 'రోన్' అయితే, రెండింటినీ రాయగలగడమే అక్షరం గొప్పతనం. ఉపాధ్యాయులు దొరకరన్నదీ అంతే. పదో తరగతి, ఇంటర్ దాటిన దోర్ల, కోయ యువతీ యువకులు ఇరువైపులా ఉన్నారు. వారు నియామక నిబంధనల గుమ్మం దగ్గర ఆగిపోతున్నారు. గోండీకి సొంత లిపి ఉండగా పరాయి లిపులెందుకన్నది గౌరవించదగిన ప్రశ్న. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారం కల్పించిన లిపీ, ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో బయటపడిన రాతప్రతుల లిపీ రెండూ యూనికోడ్‌కు ఎక్కాయి. వాటిని పెద్దల సాహిత్యంలో, ఊరి బోర్డులలో నిలబెట్టడం జాతి గౌరవానికి సంబంధించిన పని. కానీ ఆ పిల్ల రేపు బస్సు మీద, రేషన్ కార్డు మీద, ఆసుపత్రి చీటీ మీద చూడబోయేది హిందీ, తెలుగు అక్షరాలనే. మొదటి ఏడాది మూడో లిపిని కూడా ఆమె మీద మోపడం ప్రేమే కావచ్చు, తెలివి మాత్రం కాదు.

బరువైన అభ్యంతరం తల్లిదండ్రులది. పిల్ల హిందీ నేర్వాలి, వీలైతే ఇంగ్లీషు నేర్వాలి, ఇంటి భాష ఇంట్లో ఉండనే ఉంది కదా అంటారు వారు. వారి కోరిక న్యాయమైనది. దాన్ని వెనుకబాటుతనమని కొట్టిపారేసే మాతృభాషాభిమానులు తమ పిల్లలను ఏ బడికి పంపుతున్నారో చెప్పనక్కరలేదు. ఆ కోరిక తీరే దారి ఏదన్నదే ప్రశ్న. గుర్తులను ధ్వనులుగా మార్చవచ్చునన్న రహస్యం మనిషికి ఒక్కసారే తెలియాలి. తన మాటలలో అది తెలిసిన పిల్ల రెండో లిపికి వచ్చినపుడు కొత్త రూపాలు నేర్చుకుంటుంది గాని చదవడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోదు. తనది కాని భాషలో ఆ రహస్యం తెలియకుండానే మూడేళ్లు గడిచిన పిల్లకు హిందీ రాదు, ఇంగ్లీషు అసలే రాదు. హిందీ త్వరగా రావాలని హిందీతోనే మొదలుపెట్టడం పంట త్వరగా రావాలని నాటిన మర్నాడే మొలకను పైకి లాగడం వంటిది.

2022 అసర్ సర్వేలో దేశంలోని గ్రామీణ ప్రాంతపు మూడో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 20.5 శాతమే. ఇంటి భాషా బడి భాషా ఒకటే అయిన పిల్లలు కూడా కోట్లలో ఉన్న లెక్క అది. అటువంటి సర్వేలు బడి భాషలోనే పరీక్షిస్తాయి. దోర్లి పిల్ల దోర్లిలో ఏమి చదవగలదో చెప్పే పట్టిక ఎక్కడా కనిపించదు. 2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్ పథకం 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టుకుంది. 'అర్థం చేసుకుంటూ' అన్న మాట ఆ పథకానికి గౌరవం తెచ్చే మాట. ఏ భాషలో అన్నది కూడా కొత్తగా తేల్చవలసిన విషయం కాదు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని 1956లో చేర్చిన రాజ్యాంగ 350-ఎ అధికరణం చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధించాలన్నది. ఆ 'సాధ్యమైనంత వరకు' అన్న రెండు మాటల చాటున ఎన్ని బడులు తలదాచుకున్నాయో దస్త్రాలు చూసేవారికి తెలుసు. ఆంధ్రప్రదేశ్ 240 బడుల ప్రయత్నం ప్రయోగంగా మొదలై ప్రయోగంగానే మిగలడానికీ అదే చాటు దొరికింది.

సాహిత్యకారులు కూడా ఇందులో నిర్దోషులు కారు. ప్రతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ వేదికల మీద గిడుగు రామమూర్తి పంతులుకు పూలదండలు పడతాయి. గ్రాంథికాన్ని ఎదిరించి వాడుక భాషను గెలిపించిన యోధుడని ఉపన్యాసాలు సాగుతాయి. పర్లాకిమిడి ఉపాధ్యాయుడైన ఆ గిడుగే అంతకు ముందు కొండలెక్కి సవర భాష నేర్చుకున్నాడనీ, సవర పిల్లలకు బడులు పెట్టించాడనీ, తెలుగు లిపిలో వారి భాషకు వాచకాలు కూర్చాడనీ ఒక వాక్యంలో చెప్పి ముగిస్తారు. ఆ రెండూ వేరువేరు సేవలు కావు. నోటిలో లేని భాషతో చదువు మొదలుపెట్టరాదన్న ఒకే వాదం సవర పిల్ల విషయంలోనూ, తెలుగు పిల్ల విషయంలోనూ ఆయన వినిపించాడు. తెలుగు పిల్ల విషయంలో ఆ వాదం గెలిచింది; గెలిచినవారు రెండో సగాన్ని మరచిపోయారు. ధ్వని విషయంలో ఆయన పట్టుదల ఎంతటిదంటే, 1931లో వెలువడిన సవర వ్యాకరణం పేరులోనే అచ్చు దీర్ఘతను తెలిపే ప్రత్యేక గుర్తు ఉంటుంది. హ్రస్వ దీర్ఘాల తేడా చూపకుండా ఒక భాషను రాయడం ఆయనకు ఆ భాషను రాయకపోవడంతో సమానం.

ఆ కొలతతో చూస్తే పామేడు వంటి ఊళ్లకు తక్షణం కావలసినది పెద్ద పథకమేమీ కాదు. మొదటి ఏడాది దోర్లి మాటలతో, దోర్లిలో లేని ఒత్తక్షరాలను వదిలి, 'మ' పక్కన మర్క బొమ్మతో మొదలయ్యే చిన్న వాచకం కావాలి. గోదావరి గట్టుకు వలస వచ్చిన పిల్లలకు అదే వాచకం తెలుగు లిపిలో కావాలి. బొమ్మలు, మాటలు, వరుస అవే ఉండాలి. మూడు రాష్ట్రాల విద్యా పరిశోధన సంస్థలు ఒక బల్ల ముందు కూర్చుంటే తేలే పని ఇది. ఛత్తీస్‌గఢ్ ప్రతి దేవనాగరిలో ఉండడానికి ఎవరికీ అభ్యంతరం ఉండనవసరం లేదు, ఆ రెండు హ్రస్వాచ్చులను వదలకుండా ఉంటే. అందుకు గుర్తులు కల్పించవలసిన పని కూడా లేదు. దక్షిణ భాషలను నాగరి లిపిలో రాయడానికి కేంద్ర హిందీ డైరెక్టరేట్ 1966లోనే 'పరివర్ధిత దేవనాగరి' పేరుతో హ్రస్వ ఎకార, ఒకారాలకు చిహ్నాలు నిర్ణయించి ప్రకటించింది. నేడు అవి యూనికోడ్ పట్టికలోనూ ఉన్నాయి. ఏ కంప్యూటరు మీదనైనా అచ్చుకు సిద్ధం చేయవచ్చు.